‘ఉగ్రవాదం’ అన్న మాటకు అర్థమేమిటో ముందు తేల్చండి

ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గారికి,

నమస్కారం. 2001 సెప్టెంబరు 16న అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ ఉగ్రవాదంపై పోరును ‘క్రూసేడ్’ అన్నారు. మధ్యయుగాల్లో క్రైస్తవులు ముస్లింలపై సాగించిన మతయుద్ధాల పేరది. మరునాడే వాషింగ్టన్‌లోని ఇస్లామిక్ సెంటర్‌కు వెళ్లి, ‘ఇస్లాం అంటే శాంతి’ అన్నారు. ఒక్కరోజులో ఎంత దూరం! తర్వాత అధ్యక్షుడైన ఒబామా ఉగ్రవాదాన్ని ‘రాడికల్ ఇస్లాం’ (తీవ్రవాద ఇస్లాం) అనడం లేదని ప్రత్యర్థులు రచ్చ చేశారు. పేరు మార్చి పిలిచినంత మాత్రాన ముప్పు పోదని 2016లో ఆయన బదులిచ్చారు. నాకది సబబుగానే తోచింది.

అసలు చిక్కు మీ గడపలోనే ఉంది. ఉగ్రవాదంపై సమగ్ర ఒప్పందాన్ని భారత్ 1996లో ప్రతిపాదించింది. విముక్తి పోరాటాలను మినహాయించాలా, ప్రభుత్వ సైన్యాల చర్యలను చేర్చాలా అన్న దగ్గరే అది చతికిలబడింది. 2001 నాటి భద్రతామండలి 1373వ తీర్మానం ఉగ్రవాద చర్యలను తీవ్ర నేరాలుగా శిక్షించమని దేశాలన్నిటికీ చెప్పింది. ఉగ్రవాదమంటే ఏమిటో మాత్రం చెప్పలేదు. ఆ ఖాళీలో పాలకులు తమకు గిట్టనివారి పేర్లు రాసుకుంటున్నారు, ఒక్కోసారి విలేకరుల పేర్లు కూడా.

ఒప్పందం కుదిరేదాకా మీ ప్రకటనల్లోనైనా విశేషణాలు తగ్గించి, ఎవరు, ఎవరిని, ఏం చేశారో ముందు చెప్పండి. హంతకుడి మతం కంటే మృతుల పేర్లు పైన ఉండాలి.

ఇట్లు,
ఒక పత్రికా పాఠకుడు