మహిళా విభాగం వార్షిక నివేదిక: తేనెటీగల దుప్పటి అల్లిన ఏడాది

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ 9 ఉగాది నుంచి 2025 మార్చి 30 ఉగాది దాకా విజయవాడ పటమటలోని మన కాలనీ సంక్షేమ సంఘం మహిళా విభాగం చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చులు కోశాధికారిగారు సర్వసభ్య సమావేశంలో విడిగా చదువుతారు కాబట్టి ఆ వివరాలు ఇక్కడ రాయడం లేదు. ఈ ఏడాది మన సమయమూ ఓపికా ఎక్కువగా పట్టింది తేనెటీగల దుప్పటికి. అందుకే నివేదికలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ముందు మిగతావి క్లుప్తంగా చెబుతాను. సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్ళు నీళ్ళలో ఉన్నప్పుడు మన హాల్లోనే పులిహోర, చపాతీలు చేసి పొట్లాలు కట్టి పంపాం. ఆ రోజుల్లో అల్లిక ఊసే లేదు. ఆ వెంటనే వచ్చిన వినాయక చవితికి మట్టి విగ్రహాల తయారీ పిల్లల వరకే పెట్టుకున్నాం. కార్తీక వనభోజనాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి.

ఇక దుప్పటి సంగతి. మే 20 ప్రపంచ తేనెటీగల దినం. ఐక్యరాజ్య సమితి 2017లో తీర్మానించగా 2018 నుంచి జరుపుకుంటున్నారు. ఆ రోజు మన పిల్లలు హాల్లో తేనెటీగల మీద చిన్న ప్రదర్శన పెట్టారు. చార్టుల మీద తేనెపట్టు గడులు చూస్తూ క్రోషియా, అంటే కొక్కెం సూది అల్లిక, వచ్చిన ఇద్దరు ముగ్గురు ‘ఇవి అల్లేయొచ్చు కదా’ అనుకున్నారు. పక్క వీధి అంగన్‌వాడీలో మధ్యాహ్నం పిల్లలు సిమెంటు గచ్చు మీద పల్చటి చాపలేసుకుని పడుకుంటారని మనకు తెలుసు. దుప్పటి వాళ్ళకే అని అప్పుడే తేలిపోయింది.

బెజవాడ ఎండల్లో దుప్పటి ఎందుకని సమావేశంలో ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. కిందేమో కాస్త మెత్తగా ఉండాలి, పైనేమో ఒళ్ళు ఉడకకూడదు. అందుకే చవకగా, తేలిగ్గా దొరికే అక్రిలిక్ ఊలు వద్దనుకుని ఎనిమిది పోగుల కాటన్ దారం తీసుకున్నాం. ధర ఎక్కువే, బరువూ ఎక్కువే. తడిస్తే సాగుతుంది కూడా. కానీ చెమట పీల్చుకుంటుంది, ఎన్ని ఉతుకులైనా తట్టుకుంటుంది. రంగులు నాలుగు: పసుపు, తేనె రంగు, గోధుమ రంగు, మీగడ తెలుపు. నలుపు, గడుల మీద కుట్టే తేనెటీగల ఒంటి చారలకూ కళ్ళకూ మాత్రమే. కొన్నరోజే నల్లదారం ముక్కను గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, తెల్లగుడ్డలో అద్ది చూశాం. రంగు దిగితే పక్కనున్న పసుపంతా పాడైపోతుంది. ఉండల మీద వేసిన లాట్ నంబరు (ఒకేసారి రంగు వేసిన దారానికి ఇచ్చే నంబరు) చూసి ఒక్కో రంగును ఒకే లాట్‌లో కొన్నాం. లాట్ మారితే అదే పసుపు ఎండలో వేరుగా కనిపిస్తుంది.

ఆకారం విషయంలో చర్చ గట్టిగానే జరిగింది. చతురస్రాలైతే సులువు, నాలుగు మూలలూ తిన్నగా కలిసిపోతాయి. కానీ తేనెపట్టు అన్నాక ఆరు మూలలే ఉండాలని పిల్లలు పట్టుబట్టారు. కాలేజీలో లెక్కలు చెప్పే మన సభ్యురాలొకరు అప్పుడో మంచి మాట చెప్పారు. సందు లేకుండా నేలంతా సమాన వైశాల్యం గల గడులతో నింపాలంటే అన్ని ఆకారాల్లోకీ ఆరు మూలల గడికే అంచు తక్కువ పడుతుందట. ప్రాచీన కాలం నుంచీ ఉన్న ఈ ఊహను థామస్ హేల్స్ అనే గణిత శాస్త్రజ్ఞుడు 1999లో నిరూపించాడట. ఈగలకు దానివల్ల మైనం ఆదా. మాకు కలిపి కుట్టాల్సిన అంచు ఆదా. అక్కడితో చర్చ ముగిసింది.

ఒక్కో గడి ఎదురెదురు అంచుల మధ్య 15 సెంటీమీటర్లు. తొమ్మిది గడుల వరుస, ఎనిమిది గడుల వరుస ఒకదాని తర్వాత ఒకటిగా మొత్తం 13 వరుసలు. అంటే 111 గడులు. ఎనిమిది గడుల వరుసలకు రెండు కొసలా ఖాళీ మిగులుతుంది కాబట్టి అక్కడ నింపడానికి 12 అరగడులు. అన్నీ కలిస్తే 135 సెంటీమీటర్ల వెడల్పు, 173 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. అల్లడం తెలిసినవాళ్ళకు లెక్క తేలికే: మధ్యలో ఉచ్చు, తొలి చుట్టుకు 12 డబుల్ క్రోషేలు (క్రోషియాలో ఒక రకం కుట్లు), రెండో చుట్టుకు 24, మూడోదానికి 36. ఇలా చుట్టుకు పన్నెండేసి పెరుగుతూ పోవాలి. ఆ పెంపు ఆరు చోట్లకు పంచితే మూలలు వాటంతటవే తేలతాయి.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. అందరికీ ఒకే దారం, ఒకే 3.5 మిల్లీమీటర్ల సూది ఇచ్చాం. మొదటి విడత గడులు తెచ్చి బల్ల మీద పేరిస్తే ఏ రెండూ ఒక సైజులో లేవు. మూడో అంతస్తు మామ్మగారి గడి పదమూడున్నర సెంటీమీటర్లు, గట్టిగా అట్టముక్కలా ఉంది. ఆవిడది నరసాపురం దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచీ సన్నటి నూలుతో లేసు అల్లిన చెయ్యి, బిగించే అలవాటు. ఈ ఏడాదే క్రోషియా మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అమ్మాయి గడి పదహారు దాటి, వదులుగా వేలు దూరేట్టు ఉంది. ఒక్కో గడికి అర సెంటీమీటరు తేడా వచ్చినా తొమ్మిది గడుల వరుసలో నాలుగున్నర సెంటీమీటర్లు పోతుంది. అలాంటి వరుసలు కలిపితే దుప్పటి పరుచుకోదు, ఉబ్బుతుంది.

చెయ్యి బిగువు మార్చుకోమని ఎవరికీ చెప్పలేదు. ఏళ్ళ తరబడి పడ్డ అలవాటు చెబితే మారదు, పైగా అల్లేటప్పుడు టెన్షన్ పడితే ఇంకా బిగుస్తుంది. బదులుగా సూదులు మార్చాం. మామ్మగారికి నాలుగు మిల్లీమీటర్లది, ఆ అమ్మాయికి మూడుది. ప్రతి ఇంటికీ 15 సెంటీమీటర్ల అట్ట కొలత ఇచ్చాం. సూది ఎవరిదైనా, గడి ఆ అట్ట మీద సరిపోతే చాలన్నాం. రెండో విడత నుంచి గడులన్నీ దాదాపు ఒక్కలాగే వచ్చాయి. వచ్చే ఏడాది ఏం అల్లినా మొదటిరోజే ప్రతి సభ్యురాలి చేతా ఒక నమూనా గడి అల్లించి, దాన్నిబట్టి సూది ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) నరసాపురం లేసుకు 2024లోనే వచ్చింది. ఆ వార్త పేపర్లో చూసిన రోజు మామ్మగారు పెట్టెలోంచి పాత లేసు ముక్క తెచ్చి చూపించారు. వేలిగోరంత పువ్వులు, ఒక్క కుట్టూ తప్పలేదు. ఇంత పనికి అప్పట్లో వచ్చింది చాలా కొద్ది కూలీ అని ఆవిడ చెప్పింది విని అందరికీ మనసు కష్టమైంది.

గడుల మీద వేసే ఈగల్ని విడిగా అల్లి కుట్టాం. ఈగలున్న గడులు రెండు పక్కపక్కన రాకుండా అమర్చాం. సాధారణంగా దొరికే నమూనాల్లో ఈగకు రెండే రెక్కలుంటాయి. ఏడో తరగతి చదివే మన పిల్లవాడొకడు, ‘తేనెటీగకి నాలుగు రెక్కలుంటాయి ఆంటీ, ఎగిరేటప్పుడు ముందు రెక్కని వెనక రెక్కకి చిన్న చిన్న కొక్కేలు కలిపి పట్టుకుంటాయి’ అన్నాడు. చేతిలో క్రోషియా సూదులున్న వాళ్ళందరికీ ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. అల్లినవన్నీ మళ్ళీ తీసి ప్రతి ఈగకూ ఇంకో జత రెక్కలు చేర్చాం. కళ్ళకు పూసలు, గుండీలు వాడలేదు. పసిపిల్లలు పీకి నోట్లో పెట్టుకుంటారు. నల్లదారంతో కుట్టిన చుక్కలే కళ్ళు. రెక్కల అంచులు కూడా వేలు దూరకుండా చుట్టూ కుట్టేశాం. గడుల్ని కలిపే కుట్టు ఉబ్బెత్తుగా ఉంటే పడుకున్నవాళ్ళకు ఒత్తుకుంటుందని చదునుగా వేశాం. ఈ పనికే ఎక్కువ రోజులు పట్టాయి.

సంక్రాంతి సెలవుల తర్వాత దుప్పటి అంగన్‌వాడీకి ఇచ్చాం. ఉతికితే దండెం మీద వేలాడదీయకుండా నీడలో పరిచి ఆరబెట్టాలని ఆయమ్మగారికి చెప్పాం. పిల్లలు ఒక్కొక్కళ్ళూ ఒక్కో ఈగను తనదని చెప్పుకుని దాని పక్కనే పడుకుంటున్నారట. ఈగ దక్కని పిల్లలకోసం ఇంకో దుప్పటి కావాలని ఆవిడ కబురు పంపారు.

దుప్పటి కలిపి కుడుతున్న రోజుల్లోనే బి బ్లాకు మంచినీళ్ళ ట్యాంకు కింద పెద్ద తేనెపట్టు కట్టింది. ఇవి పెరటీగలు, అంటే పెద్ద జాతి తేనెటీగలు. బోలెడు ఈగలు పట్టును పైనుంచి కింది దాకా కప్పుకుని వేలాడుతుంటాయి. కందిరీగ దగ్గరికొస్తే ఒకేసారి తోకలెత్తుతాయి, పట్టు ఈ చివర నుంచి ఆ చివరకు నల్లటి అల పాకినట్టు కనిపిస్తుంది. ఐదో అంతస్తు కిటికీలోంచి చూసినవాళ్ళు ఆ దృశ్యం మర్చిపోరు. కుడితే ప్రమాదమేననీ, ఒకటి కుడితే గుంపుగా వస్తాయనీ మాకూ తెలుసు. అందుకే ట్యాంకు దగ్గరికి వెళ్ళే మెట్లకు తాళం వేసి, బోర్డు పెట్టాం. దివిటీతో కాల్చేయిద్దామన్న ప్రతిపాదనకు మహిళా విభాగం ఒప్పుకోలేదు. ఇవి పూల కాలాన్ని బట్టి ఊళ్ళు మారే జాతి. వాటంతటవే లేచిపోతాయి. మన చుట్టుపక్కల మునగా, కానుగా, గుంటూరు వైపు దోసా, నువ్వు చేలూ బాగా కాయాలంటే వీటి పని కూడా ఉండాలి. ఎండాకాలపు ట్యాంకు శుభ్రం చేయడం ముందుకొస్తోంది కాబట్టి సర్వసభ్య సమావేశం దీని మీద నిర్ణయం తీసుకోవాలి. మా సూచన: మేలో కూడా పట్టు ఉంటే, కాల్చకుండా తీసే పని తెలిసినవాళ్ళను పిలిపిద్దాం. అప్పటిదాకా బి బ్లాకుకు సి బ్లాకు ట్యాంకు నుంచి నీళ్ళిద్దాం.

రెండో దుప్పటికి మీగడ తెలుపు, గోధుమ రంగు దారం సరిపడా మిగిలింది. పసుపు కొత్త లాట్ కొనాలి. అల్లిక నేర్చుకోవాలనుకున్న సభ్యులు, మగవారైనా సరే, శనివారం సాయంత్రం ఐదు గంటలకు హాలుకు రండి. సూదులు మేమే ఇస్తాం.

కార్యదర్శి,
మహిళా విభాగం