దేవరకొండ గుట్ట మీద మా పిల్లను మోసుకొచ్చిన వాళ్లకు

పోయిన ఆదివారం దేవరకొండ కోట గుట్ట మీద మా మేనకోడలు కాలు మడతపడి నడవలేకపోయింది. పధ్నాలుగేళ్ల పిల్ల. ఇప్పుడు బాగుంది, కాలికి కట్టుతో మంచం మీద కూర్చుని చదువుకుంటోంది. ఆ రోజు సాయపడిన వాళ్లలో సగం మంది పేర్లు అడగడం కూడా ఆ టెన్షన్‌లో తోచలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. దేవరకొండ వాళ్లెవరైనా చదివితే వాళ్ల చెవిన వేయండి.

మొదటి దండం మా పీఈటీ సార్‌కు. నేను బడిలో ఉన్నప్పుడు కబడ్డీ నేర్పిన మనిషి, రిటైరై చాలా ఏళ్లయింది. కార్తీకం కదా, నల్లగొండ నుంచి తొమ్మిది మందిమి వస్తున్నాం, కోట చూసి కింద వనభోజనాలు చేసుకుంటాం అని ఫోన్ చేస్తే సార్ అడిగిన మొదటి మాట: "ఎన్ని గంటలకు ఎక్కుతరో నాకెందుకమ్మా, ఎన్ని గంటలకు ఎనక్కి మర్లుతరో అది చెప్పు." నా దగ్గర జవాబు లేదు. సారే చెప్పారు. "కార్తీకంల పొద్దు చిన్నది. ఐదు నలభైకే సూర్యుడు గుంకుతడు. గుట్ట ఎనక నీడ ఇంకా ముందే పడ్తది. ఒంటిగంటకు ఏడ ఉంటే ఆడ్నుంచే మర్లుర్రి. పైకి చేరినా సరే, చేరకపోయినా సరే."

నిజానికి మేం అంతకుముందు ఆదివారమే బయల్దేరాలి. ఆ వారం బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి రెండు రోజులు ముసురు. శనివారం ఎండ కాసింది కాబట్టి వెళ్దామనుకున్నాం. సార్ వద్దన్నారు. ముసురు విడిచినా నీడన ఉన్న బండ ఆరదని, పాకుడు పట్టిన రాయి చూడ్డానికి ఎండినట్టే ఉంటుందని చెప్పి వారం ఆపించారు. పిల్లలు అలిగారు. ఆపడమే మంచిదైంది.

ఆ వారంలో సార్ మాటల్ని కాగితం మీద రాసుకుని ఫ్రిజ్‌కు అంటించాను. మనిషికి మూడు లీటర్ల నీళ్లు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక్కోటి లీటరు నీళ్లలో. కాళ్లు నిండా ప్యాంటు, సాక్సు, బూట్లు. వానలకు పెరిగిన గడ్డి ఈ రోజుల్లో నడుము దాకా ఉంటుంది, అందులో గుంత కనిపించదు, రక్తపింజర కనిపించదు. ముందు కర్రతో తట్టి, తర్వాత అడుగు. సెంటు, అత్తరు వద్దు. కొండచరియల కింద పెద్ద తేనెపట్లు ఉంటాయి, వాటి కింద దీపాలు పెట్టడం, పొయ్యి రాజేయడం అసలే వద్దు, పొగకు లేస్తాయి. ఇంటి దగ్గర ఒకరికి మన దారి, వచ్చే టైము చెప్పి రావాలి. చివరగా ప్రతి పిల్ల మెడలో ఒక విజిల్. పీఈటీ సార్ కాబట్టి విజిల్ అంటున్నారేమో అనుకున్నాను. ఆ రోజు మమ్మల్ని బయటపడేసింది ఆ విజిలే.

14వ శతాబ్దంలో పద్మనాయక రాజులు ఏలిన కోట అది. ద్వారాలు దాటుకుంటూ ఎక్కుతుంటే అడుగడుగునా ఆగి చూడాలనిపిస్తుంది, మేమూ ఆగాం. ఒంటిగంటకు ఇంకా పావుగంట నడక మిగిలింది. మా అన్న "ఇంత దూరం వచ్చి..." అన్నాడు. వదిన వాచీ చూపించింది. వెనక్కి తిరిగాం.

ఒకటిన్నర ప్రాంతంలో దిగుతూ పిల్ల ఒక రాతి మెట్టు మీద జారింది. చీలమండ పక్కకు తిరిగింది. నిమిషాల్లో వాచి బూటు బిగుసుకుపోయింది. సార్‌కు ఫోన్ చేస్తే అదే నిబ్బరం: "నాలుగడుగులు ఎయ్యమను. ఎయ్యలేకపోతే నడిపియ్యకుర్రి. కాలు గుంజొద్దు, నూనె పెట్టి రుద్దొద్దు." పిల్ల రెండో అడుగుకే కేక పెట్టింది. 108కి ఫోన్ చేశాం, కానీ వాళ్లు వచ్చేది గుట్ట కిందికి. అక్కడిదాకా దించాలి కదా. ఏడుస్తూనే పిల్ల విజిల్ తీసి మూడుసార్లు ఊదింది. ఆగి మళ్లీ మూడుసార్లు.

ఆ చప్పుడుకు మేకల తాత వచ్చాడు. గడ్డిలోంచి ముందు మేకలు, వెనక ఆయన. మా వంక చూసి ఏమీ అడగలేదు. తన దోటికి కట్టిన కొడవలి విప్పి పక్కన పెట్టాడు. మా అన్న చేతిలోని కర్ర చూసి "ఇది ఆగదు" అని ఒక బలమైన కొమ్మ కొట్టుకొచ్చాడు. భుజం మీది గొంగడి తీసి నేల మీద పరిచి, రెండు కర్రలూ పెట్టి, ఇటొక మడత, అటొక మడత వేశాడు. పిల్ల బరువే ఆ మడతల్ని బిగించింది. "ఏడ్వకు బిడ్డా, మేకపిల్లను మోసినట్టే మోస్త" అన్నాడు. కోట చూడ్డానికి వచ్చిన ఇద్దరు తమ్ముళ్లు కూడా చేయి కలిపారు. మీరు ఎవరో, ఏ ఊరో తెలియదు తమ్మీ, మీ చొక్కాలు చెమటతో తడిసి ముద్దవడం మాత్రం నాకు కళ్లకు కట్టినట్టుంది. తేనెపట్టు ఉన్న చరియ దగ్గర తాత నోటి మీద వేలు పెట్టి, అందర్నీ నిశ్శబ్దంగా దాటించాడు.

పొద్దున మేం ముప్పావుగంటలో ఎక్కిన ఆ ముక్క, మోస్తూ దిగేసరికి రెండున్నర గంటలైంది. కిందికి చేరేసరికి నాలుగు దాటింది, ఇంకా వెలుగుంది. ఆ పావుగంట పైకి పోయి, కోట చూస్తూ ఇంకో గంట ఉండి ఉంటే ఆ మెట్ల మీద చీకటి పడేది. తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడుతున్నాయి.

108లో వచ్చిన అన్న వేళ్లు గిల్లి స్పర్శ ఉందా అని చూసి, అట్ట పెట్టి కట్టు కట్టాడు. ఎక్స్‌రేలో సన్నని పగులు కనిపించింది. ఆస్పత్రిలో సిస్టర్ మా అందరి కాళ్లూ చూసి ఒక మాట చెప్పింది, ఇది అందరికీ పనికొస్తుంది: గడ్డిలో తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లోపు జ్వరం వస్తే గుట్ట ఎక్కిన సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. సన్నటి పురుగు కుట్టి స్క్రబ్ టైఫస్ రావచ్చు. కుట్టిన చోట నల్లటి పక్కు ఉందేమో ఒళ్లంతా చూసుకోవాలి. అమ్మా, నీకు నా నమస్కారం.

హడావిడిలో తాత గొంగడి మా బండిలోనే వచ్చేసింది. చలి మొదలైంది, ఆయనకు ఉన్నది అదొక్కటేనేమో అని రాత్రంతా నాకు నిద్ర లేదు. దానికి పట్టిన పల్లేరు కాయలు ఏరి, దులిపి, పొద్దున్నే అన్న తీసుకెళ్లి ఇచ్చాడు. డబ్బులిస్తే తాత చేయి వెనక్కి పెట్టుకున్నాడట. "పిల్ల ఎట్లుంది?" అని అడిగి, ఒక సంచి నిండా సీతాఫలాలు పంపాడు. వాటిని బియ్యం డబ్బాలో పెట్టాం. మొదట మెత్తబడిన రెండూ మా పిల్లే తిన్నది.