బుజ్జీ, ఏడో నంబరు చెవులు చూసి చెప్పు

చిరంజీవి బుజ్జికి, నాన్న దీవెనలు.

రాత్రి పదిన్నర దాటాక, నువ్వు హైదరాబాద్‌లో చూడబోయే గుర్రప్పందేల రేస్ బుక్ పేజీలన్నీ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపి, కింద ఒక్క ముక్క రాశావు, ‘నాన్నా, ఏ గుర్రం కొడుతుంది?’ అని. దానికి ఒక్క ముక్కలో జవాబు నాకు తెలిసుంటే మురళీనగర్‌లో ఈ రెండు గదుల ఇంట్లో ఎందుకుంటాం తల్లీ, బీచ్ రోడ్డులో సముద్రానికి ఎదురుగా మేడ మీద కూర్చుని రాసేవాణ్ణి. ఫోన్‌లో ఆ అంకెలు చీమల్లా ఉన్నాయి. పొద్దున్నే కిందకెళ్లి జిరాక్స్ షాపులో ప్రింట్లు తీయించుకొచ్చి, పెన్సిల్ చెవిలో పెట్టుకుని కూర్చున్నాను. మీ అమ్మ ఇడ్లీ ప్లేటు పెడుతూ ఆ కాగితాలకేసి ఒక చూపు చూసి, ‘గాంధీ జయంతి నాడు గుర్రప్పందేలా, బాగుంది తండ్రీకూతుళ్ల సంబడం’ అని వెళ్లిపోయింది. ఆ రోజు పెద్ద పందెం, డెక్కన్ డెర్బీ, అక్టోబరు 2నే పెడతారే అంటే వినిపించుకుంటేనా.

మన ఇంటికి గ్యాస్ బండ వచ్చినప్పుడల్లా మీ అమ్మ ‘గుర్రం వచ్చింది, తలుపు తియ్యండి’ అంటుంది కదా, చిన్నప్పుడు నువ్వు నిజంగా గుర్రమే అనుకుని గుమ్మం దాకా పరిగెత్తేదానివి. అలా ఎందుకంటుందో నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. 1994లో ఆఫీసు ట్రైనింగని మూడు నెలలు హైదరాబాద్‌లో ఉన్నాను. కొత్తగా పెళ్లయింది, గ్యాస్ కనెక్షన్ డిపాజిట్టుకని దాచిన డబ్బు నా దగ్గరే ఉంది. రూమ్మేట్ ఒకడు మలక్‌పేట రేస్ కోర్సుకి తీసుకెళ్లాడు. గేటు బయట టీ కొట్టు దగ్గర ఒకాయన, చేతికి రెండు రాళ్ల ఉంగరాలు, నా చెవిలో మెల్లగా చెప్పాడు, ‘నాలుగో రేసులో రెండో నంబరు, లోపలి ఖబురు, ఎవరికీ చెప్పకండి’ అని. ఎవరికీ చెప్పలేదు, మొత్తం డబ్బు దాని మీద పెట్టాను. మలుపు తిరిగేదాకా అదే ముందుంది, నేను అప్పటికే మనసులో గ్యాస్‌తోపాటు మిక్సీ కూడా కొనేశాను. ఆఖరి 200 మీటర్లలో మిగతావి ఒక్కొక్కటే దాన్ని దాటుకుపోతుంటే వేళ్ల మీద లెక్కపెట్టాను, నాది ఏడోదిగా వచ్చింది. మీ అమ్మ ఇంకో తొమ్మిది నెలలు కిరసనాయిలు స్టవ్ మీదే వండింది. ఆ ఉంగరాలాయన నాలాంటివాళ్లు ఎనిమిది మందికి ఎనిమిది నంబర్లు చెప్పి ఉంటాడని నాకు రైల్లో సామర్లకోట దాటాక వెలిగింది, ఎవడో ఒకడికి తగులుతుంది కదా, తగిలినవాడు సంతోషంతో వచ్చి ఆయన చేతిలో ఎంతో కొంత పెడతాడు. రేపు నీకూ ఎవడో ఒకడు ఖబురు చెప్తాడు, నవ్వి ఊరుకో.

ఆ తర్వాత నేను పైసా పెట్టలేదు, కానీ గుర్రాల్ని వదల్లేదు. మన ఊళ్లో, ఆ మాటకొస్తే ఆంధ్రలోనే రేస్ కోర్సు లేదు. మనకున్న గుర్రాలు ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి ముందు పిల్లల్ని ఎక్కించుకుని తిప్పేవే, నువ్వు ఎక్కి దిగనని ఏడ్చినవి. నాకు దక్కింది పేపర్లో ఆట పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేసే ప్రాక్టీసు టైములు. ‘600 మీటర్లు 45 సెకన్లు, మూవ్‌డ్ ఫ్రీలీ’ అని ఉంటుంది. అదే 45 సెకన్ల పక్కన ‘అర్జ్‌డ్’ అని ఉందనుకో, అంటే జాకీ తోస్తేగాని రాలేదన్నమాట. ‘వెల్ ఇన్ హ్యాండ్’ అంటే కళ్లెం బిగపట్టుకునే వచ్చాడు, లోపల ఇంకా సరుకుందని. నేను ముందు మాట చూసి తర్వాత అంకె చూస్తాను. రేసు ముందు రోజు నోట్‌బుక్‌లో నంబరు, పక్కన కారణం రాస్తాను, మర్నాడు ఫలితం, తప్పితే ఎర్ర ఇంకుతో. పదకొండు నోట్‌బుక్కులయ్యాయి. గుర్రప్పందెం అదృష్టం కాదు నైపుణ్యం ఉన్న ఆట అని 1996లో సుప్రీంకోర్టే చెప్పిందే అని ఒకసారి మీ అమ్మతో అన్నాను. ‘మీ నైపుణ్యం మేం 1994లోనే చూశాంగా’ అంది.

సరే, కార్డులోకి, అంటే నువ్వు పంపిన రేసుల జాబితాలోకి వద్దాం. ఎనిమిది రేసులున్నాయి, ఎనిమిదింటికీ టికెట్ కొట్టకు. మొదటిది, ఆరోది, ఎనిమిదోది అడుగు తరగతి గుర్రాలవి, రేటింగ్, అంటే గుర్రం సత్తాకి ఇచ్చే మార్కు, 0 నుంచి 25 లోపు. ఇవాళ మొదట వచ్చింది రేపు ఆఖరున వస్తుంది, వీటిలో నా నోట్‌బుక్ నిండా ఎర్ర ఇంకే. ఆ మూడు రేసులప్పుడు చాయ్ తాగు.

రెండో రేసు 1200 మీటర్లు. పేరు పక్కన రేటింగ్, బరువు ఉన్నాయి చూడు. ఒకటో నంబరు రేటింగ్ 45, మోసేది 60 కిలోలు. తొమ్మిదో నంబరు రేటింగ్ 29, మోసేది 52. పాయింటుకి అరకిలో లెక్కన 16 పాయింట్లకి 8 కిలోల తేడా. జాకీ, జీను కలిపి ఆ బరువు తూగాలి, తగ్గితే సీసం బిళ్లలు పెట్టి సరిచేస్తారు. గెలిచే గుర్రానికి రేటింగ్ పెంచి బరువెక్కిస్తారు, ఓడుతూ పోయేదానికి దించుతారు, అన్నీ కలిసి ఒకే గీత మీదకి రావాలని హ్యాండీకాపర్, అంటే ఈ బరువులు వేసే ఆయన కోరిక. ఎంవీపీ రైతుబజారు నుంచి నేను రెండు సంచులతో, నువ్వు కొత్తిమీర కట్టతో నడిచి ఇద్దరం ఒకేసారి బస్టాపుకి చేరడం లాంటిదే. ఆయన లెక్క ఎక్కడ తప్పిందో పట్టుకోవడమే మన పని. ఇందులో నాకు ఆరో నంబరు కనిపిస్తోంది: రేటింగ్ 34, బరువు 54.5. కిందటిసారి 1100లో మూడోదిగా వచ్చింది, ఒకటిన్నర లెంగ్త్, అంటే ఒకటిన్నర గుర్రం పొడవు తేడాతో పోయింది. ఆ రేసు రిపోర్టులో గేట్లోంచి ఆలస్యంగా బయటపడిందనీ, చివర్లో బాగా అందుకుందనీ రాశారు. ఇప్పుడు ఇంకో 100 మీటర్లు దొరికింది. అంతే కారణం, ఇంతకన్నా పెద్ద కారణాలు వెతికితే మనల్ని మనమే మోసం చేసుకుంటాం.

మూడో రేసులో అందరూ ఒకటో నంబరు వెనకే పడతారు, వరసగా రెండు గెలిచింది కాబట్టి. గెలిస్తే గెలవచ్చు. కానీ ఆ రెండు గెలుపుల వల్ల 5 కిలోలు ఎక్కువ మోస్తోంది, పైగా జనం డబ్బంతా దాని మీదే ఉంటే టోట్‌లో నీకు వచ్చేది ఏముంటుంది? టోట్ అంటే తెలుసుగా, అందరి డబ్బూ ఒక కుండలో పోసి, క్లబ్బు తన వాటా తీసుకున్నాక మిగిలింది గెలిచినవాళ్లకి పంచడం. పది రూపాయలకి పద్నాలుగు ఇచ్చే గుర్రం పదిసార్లలో ఏడుసార్లకి పైగా గెలిస్తేనే నీ అసలు నీకు మిగులుతుంది. జనం ఎక్కువగా డబ్బు పెట్టే ఫేవరెట్లు చాలాచోట్ల దాదాపు మూడింట ఒక వంతే గెలుస్తాయి, మరీ గట్టి ఫేవరెట్లు ఇంకాస్త ఎక్కువ అనుకో. గెలిచే గుర్రం వేరు, డబ్బు పెట్టదగ్గ గుర్రం వేరు, ఇది నాకు ఆరో నోట్‌బుక్కులోగాని ఎక్కలేదు. ఐదో నంబరు రాశాను ఇక్కడ, ఓడినా బాధ లేదు.

నాలుగోది ఇంతవరకూ ఒక్కటీ గెలవని గుర్రాలది. అందులో రెండు మొదటిసారి పరిగెత్తుతున్నాయి, నాకేం తెలుసు, వదిలేశాను.

ఐదోది చూడు. రెండో నంబరు. ఆ రోజుకి అన్నిటికన్నా నమ్మదగ్గ గుర్రాన్ని పేపర్లో డేస్ బెస్ట్ అంటారే, నాకు ఈ కార్డులో అది. కిందటి మూడుసార్లూ 40 నుంచి 65 తరగతిలో పెద్ద గుర్రాలతో తిరిగి దెబ్బలు తింది, రేటింగ్ దిగి దిగి ఇప్పుడు 20 నుంచి 45 తరగతిలోకి పడింది. బరువు పైన ఉంది, కాదనను, తరగతి దిగితే బరువు నెత్తికెక్కుతుంది. కానీ 1600 దాని దూరం, దాని రెండు గెలుపులూ అక్కడివే, ఆ రెండింటికీ జీను మీద ఉన్న జాకీనే మళ్లీ పిలిచారు. మొన్నటి ప్రాక్టీసులో ‘వెల్ ఇన్ హ్యాండ్’. పెన్సిల్‌తో రెండుసార్లు గీశాను దీని కింద.

ఇక ఏడోది, డెర్బీ. 2000 మీటర్లు, అన్నీ మూడేళ్లవే. ఇందులో హ్యాండీకాప్ లేదు, మగవన్నిటికీ ఒకే బరువు, ఆడవాటికి కొంచెం తగ్గింపు. కాబట్టి దమ్మున్నది ఏదో తేలిపోతుంది. ఇక్కడ చిక్కేమిటంటే చాలావాటికి 1600 దాటి పరిగెత్తిన అనుభవమే లేదు, ఆ చివరి 400 మీటర్లు వాటికీ కొత్తే, మనకీ కొత్తే. మూడో నంబరు మొదటినుంచీ ముందుండి లాగే రకం, అందరూ దాన్నే అంటారు. నా భయం ఏమిటంటే ఎనిమిదో నంబరుదీ అదే స్వభావం. ముందుండే గుర్రం ఒక్కటే అయితే అది తీరిగ్గా నడిపించుకుని దమ్ము దాచుకుంటుంది, రెండుంటే ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుని మలుపు దగ్గరికే అయిపోతాయి. అప్పుడు వెనక నుంచి వచ్చేదానికి దారి. అందుకే నేను ఏడో నంబరు ఆడ గుర్రాన్ని రాశాను. 1600లో రెండోదిగా వచ్చినా గీత దాటాక కూడా ఆగకుండా పోయిందట. మూడోదాన్ని రెండో స్థానానికి రాశాను, పూర్తిగా కొట్టెయ్యడానికి ధైర్యం చాల్లేదు.

ఎంత నమ్మినా ఇంట్లోంచి ఐదు వందలు పట్టుకెళ్లు, అది అయిపోతే చూడ్డమే. జాక్‌పాట్ జోలికి పోవద్దు, వరసగా ఐదు రేసులు కొట్టాలి, ఒక్కోదానికి మూడింట ఒక వంతు అవకాశం ఉందనుకున్నా 243లో ఒక్కసారి. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి పందెం మీద జీఎస్టీ 40 శాతం చేశారు, నువ్వు గెలవకముందే కొంత పోయినట్టే. ఆఫీసులో ఎవరైనా యాప్‌లో పెడదామంటే ఒప్పుకోకు, మన రాష్ట్రంలో అయితే ఆన్‌లైన్ బెట్టింగ్ 2020లోనే నిషేధించారు.

అసలు నిన్ను అడగాల్సింది వేరే ఉంది. ఇన్నేళ్లలో నేను రాసిన ఏ గుర్రాన్నీ పాడాక్‌లో, అంటే రేసుకి ముందు గుర్రాల్ని తిప్పే కంచె లోపల, నడుస్తుండగా చూడలేదు బుజ్జీ. 1994లో చూసే తెలివి లేదు, తర్వాత ఊరు లేదు. ఆరో నిజాం 1886లో మౌలాలీ నుంచి మలక్‌పేటకి మార్పించిన మైదానం అది, నువ్వు మెట్రో దిగి నడిచెళ్లిపోతావు. ప్రతి రేసుకీ ముందు గుర్రాల్ని గుండ్రంగా నడిపిస్తారు, కంచె పక్కన నిలబడు. వెనక కాళ్ల మధ్య తెల్లగా సబ్బు నురగలా చెమట పట్టిందా? అంటే అది రేసు అక్కడే పరిగెత్తేసింది. వెంట్రుకలు నూనె రాసినట్టు మెరుస్తున్నాయా, తోక ఊరికే విసురుతోందా, పట్టుకున్న మనిషిని ఈడుస్తోందా, పక్కనే నడుస్తోందా. చెవులు రెండూ ముందుకు నిక్కపొడిచి చుట్టూ చూస్తోందంటే మనసు బాగుందని. ఐదో రేసుకి రెండో నంబరు, డెర్బీకి ఏడో నంబరు, ఈ రెండూ ఎలా ఉన్నాయో నాకు ఫోన్ చేసి చెప్పు, ఫొటో వద్దు, నీ నోటితో చెప్పు. ఫోన్ ఫుల్ చార్జింగ్ పెట్టుకుని కూర్చుంటాను. ఏడోదాని ఒళ్లు నురగ పట్టిందని నువ్వంటే నోట్‌బుక్‌లో కొట్టేస్తాను, నా అక్షరాలకన్నా నీ కళ్లే నయం.

ఇది కవర్లో పెడుతుంటే మీ అమ్మ వచ్చి కాగితాలు తిరగేసింది. జాకీల చొక్కా రంగులు రాస్తారు కదా, అవి చదివి, డెర్బీలో పదకొండో నంబరు అంది. కారణం రాయాలే, ఊరికే ఒప్పుకోను అన్నాను. పెన్సిల్ లాక్కుని తనే రాసింది: ‘11, వంగపండు రంగు మీద పసుపు అంచు, నా గద్వాల చీర.’ నీకు పది రూపాయలు పంపుతుందట, ఆ టికెట్ కొట్టమంది. గెలిస్తే ముందు తనకే ఫోన్ చెయ్యాలట, నాకు కాదు.

మీ నాన్న