ఆ రెండు లైన్లు తిరిగి పంపండి

సంపాదకులు గారికి నమస్కారం.

పర్లాకిమిడిలో పదిహేనేళ్లుగా డీటీపీ షాపు నడుపుతున్నాను. మా నాన్నగారు దాచిన పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి, బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే టెసెరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో అక్షరాల్లోకి మార్చాలని వేసవి సెలవుల్లో కూర్చున్నాను. పాతపట్నం నుంచి వచ్చిన మా మేనల్లుడు, పేజీలను సరిచేసే ఓ చిన్న ఓపెన్ సోర్స్ (ఎవరైనా కోడ్ చూసి మార్చుకోగల) టూల్ దించాడు. కోడ్ నుంచి ఆ టూల్‌ను తయారుచేసే ‘మేక్’ కమాండ్ కొట్టగానే ఆగిపోయింది. ఫైలు లేదంది. చూస్తే, అది రాసినాయన తన కంప్యూటర్‌లోని సొంత ఫోల్డర్ అడ్రసునే, మేక్ చదువుకునే సూచనల ఫైలైన మేక్‌ఫైల్‌లో రాసేశాడు. ఆ అడ్రసు మా మిషన్‌లో ఎక్కడుంటుంది?

దాని బదులు, ఇప్పుడు మనమున్న ఫోల్డర్‌ను చూపే ‘కర్‌డిర్’ పెట్టాడు పిల్లాడు. మళ్లీ ఆగింది. ఈసారి ‘తాతగారి’ అనే ఫైలు లేదంటుంది! వాడు ఫోల్డర్‌కి ‘తాతగారి పుస్తకాలు’ అని పేరు పెట్టుకున్నాడు. మధ్యలో ఖాళీ ఉండేసరికి కాపీ చేసే లైను దాన్ని రెండు పేర్లనుకుంది. అక్కడ కొటేషన్ గుర్తులు పెడితే సరిపోయింది. అయితే అన్నిచోట్లా కొటేషన్లు పనిచేయవు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టినప్పటి నుంచీ మేక్ ఫైళ్ల పేర్లను ఖాళీలతోనే విడదీస్తుంది. అలాంటి చోట పూర్తి అడ్రసు మానేసి, ఉన్న ఫోల్డర్ నుంచే దారి చెప్పాం. మేక్‌ఫైళ్లను తయారుచేసిపెట్టే సీమేక్‌లోనూ ఇలాంటి చిక్కే ఉంది. ‘సీమేక్ సోర్స్ డిర్’ అని రాస్తే, ఆ టూల్‌ని ఇంకో ప్రాజెక్టులో కలిపినప్పుడు దారి బయటి ప్రాజెక్టుకి పోతుంది. ‘సీమేక్ కరెంట్ సోర్స్ డిర్’ అని రాయాలి.

నేను రాసేది ఇందుకు కాదు. ఫోల్డర్ పేరులో ఖాళీ తీసేసుకుంటే రెండు నిమిషాల పని, చాలామంది అదే చేస్తారు. మా షాపుకొచ్చే డిప్లొమా పిల్లలూ అంతే. దాంతో తర్వాత దించుకున్న ప్రతివాడూ అదే గోతిలో పడుతున్నాడు. మావాడు మాత్రం ఆ మార్పును టూల్ రాసినాయనకే పంపాడు. నాలుగు రోజులకి జవాబొచ్చింది. పనిలో పనిగా వాడు దిద్దిన వేరే లైనొకటి తీసేయమన్నాడాయన. తీసి మళ్లీ పంపితే తీసుకున్నాడు. ఆ రాత్రి వాడికి నిద్ర పట్టలేదు. నాక్కూడా.

ఆంధ్ర-ఒడిశా సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న కాలేజీల మాస్టార్లకి నా మనవి: ప్రాక్టికల్ పరీక్షకి ఇలాంటి తప్పొకటి వెతికి, సరిచేసి, తిరిగి పంపే పని పెట్టండి. సంపాదకులు గారూ, మీ పత్రిక విద్యార్థుల పేజీలో కూడా ఈ ఎర్రర్ల గురించి మాట్లాడుకునే తెలుగులో వేయండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది, ఆ మాత్రం అడిగే చనువు ఉందనుకుంటున్నాను.

మా ఫోల్డర్ పేరు ఇప్పటికీ ‘తాతగారి పుస్తకాలు’. మధ్యలో ఖాళీ అలాగే ఉంది.

— ఒక డీటీపీ షాపు నిర్వాహకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా