నాన్నకు టీబీ నయమైంది: మీ అందరికీ మా ఇంటి నమస్కారాలు

మా నాన్నకు టీబీ నయమైంది. పోయిన వారం చేసిన పరీక్షలో కళ్లెలో క్రిమి లేదని తేలింది, ఇక మందులు ఆపవచ్చని డాక్టరుగారు చెప్పారు. ఈ సంగతి నలుగురిలో రాయనా అని నాన్నను అడిగితే, "రాయి, దగ్గుతో బాధపడేవాళ్లు ఎవరైనా చూస్తారు. పేర్లు మాత్రం వద్దు" అన్నాడు. అందుకే ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు. ఎవరి గురించి రాశానో వారికి తెలుస్తుంది.

మార్కాపురంలో నాన్నది పలకల పని. బడిపిల్లల రాతపలకలతో మొదలుపెట్టి, గోడలకు అతికించే రంగుల పలకల దాకా ఏళ్ల తరబడి రాయి కోశాడు. కోత యంత్రం దగ్గర లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి చేరిన టీబీ క్రిములను పట్టి చంపవలసిన రక్షక కణాలను ఆ దుమ్మే దెబ్బతీస్తుంది. అందుకే రాతి పనివాళ్లకు టీబీ ముప్పు మిగతావారికంటే ఎక్కువ. పైగా దుమ్ము వల్ల పడ్డ మచ్చలకూ టీబీ మచ్చలకూ ఎక్స్‌రేలో తేడా పట్టడం కష్టం. మొదట చూపించిన చోట దుమ్ము వల్ల వచ్చిన దగ్గేనని తేల్చి మందు సీసా ఇచ్చి పంపారు. సీసాలు మారాయి కానీ దగ్గు మారలేదు.

మొదటి నమస్కారం మా వీధి ఆశా అక్కకు. ఆమె వచ్చింది మా వదిన కాన్పు వివరాలు రాసుకోవడానికి. లోపలి గదిలో దగ్గు విని కలం ఆపి, "ఎన్నాళ్లుగా ఇలా?" అని అడిగింది. రెండు వారాలు దాటిన దగ్గుకు పరీక్ష తప్పదని చెప్పి, సాయంత్రానికల్లా కళ్లె డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, లోపలినుంచి గట్టిగా దగ్గి తీసిన కళ్లె కావాలి, ఉమ్మి పనికిరాదని ఆమె నాన్నకు స్వయంగా దగ్గి చూపించింది! ఆ దగ్గుకు ఇంట్లో అందరం నవ్వాం. ఆ మధ్యకాలంలో మా ఇంట్లో అంత నవ్వు లేదు.

రెండో నమస్కారం ల్యాబ్ టెక్నీషియన్ గారికి. ట్రూనాట్ యంత్రం కొన్ని గంటల్లోనే టీబీ ఉందో లేదో, టీబీకి ముఖ్యమైన రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందో లేదో చెప్పేస్తుంది. కాగితం కోసం మమ్మల్ని తిప్పకుండా ఆయనే ఫోన్ చేసి, "మామూలు మందులకు లొంగే టీబీనే, కంగారు పడకండి" అన్నారు. ఆ రెండో మాట చెప్పవలసిన బాధ్యత ఆయనకు లేదు. అయినా చెప్పారు.

ఇక టీబీ సూపర్‌వైజర్ గారు. మాత్రల లెక్క బరువును బట్టి ఉంటుందని, నాన్న అప్పుడున్న బరువుకు రోజుకు మూడు అని ఆయనే వివరించారు. మూత్రం ఎర్రగా వస్తుంది, అది మందు రంగే తప్ప రక్తం కాదని ముందుగానే హెచ్చరించారు. ఆ ముక్క చెప్పి ఉండకపోతే మా నాన్న రెండో రోజే మాత్రలు గోడ అవతల పారేసేవాడు. మా అందరికీ పరీక్షలు చేయించి, జబ్బు లేదని తేలాక, వారానికొకసారి చొప్పున పన్నెండు వారాల నివారణ మందు ఇప్పించిందీ ఆయనే.

నాన్న కంచం, గ్లాసు వేరు పెట్టాలని పట్టుబట్టిన బంధువులకు మా వసారాలో కూర్చుని మద్రాసు సంగతి చెప్పింది కూడా ఆయనే. 1950ల చివర అక్కడ 193 మంది పేద రోగులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు శానటోరియంలో, అంటే టీబీ ఆసుపత్రిలో, రెండో జట్టుకు ఇరుకిళ్లలోనే ఏడాదిపాటు మందులిచ్చారట. ఇళ్లలో ఉన్నవారికి తిండీ విశ్రాంతీ తక్కువే, అయినా దాదాపు అంతే బాగా కోలుకున్నారు. వారితో కలిసి బతికిన ఇంటివాళ్లకు జబ్బు ఎక్కువగా సోకనూ లేదు. మందు మొదలుపెట్టాక మనిషిని వెలివేయనక్కర లేదని లోకానికి తెలిసింది ఆ ఇళ్ల నుంచే. టీబీ గాలి ద్వారా వస్తుంది, కంచం ద్వారా కాదు. ఆయన చెప్పడం ముగించగానే పక్కింటి పిన్ని లేచి వెళ్లి నాన్న గ్లాసుతోనే నీళ్లు తాగి వచ్చింది. పిన్నీ, నీకు వేరే నమస్కారం.

తిండి గురించి ఉన్నమాట చెప్పాలి. ప్రభుత్వం నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలో వేస్తుంది. 2024 నవంబరుకు ముందు అది 500. ఉన్నందుకు సంతోషమే, కానీ పని మానేసిన మనిషికి రోజుకు ముప్పై మూడు రూపాయలతో ఏం బలం వస్తుంది? టీబీ రోగులకు తిండి సాయం చేసే నిక్షయ్ మిత్రలుగా నాన్నను దత్తత తీసుకున్న రిటైర్డు ఉపాధ్యాయులు నెలనెలా కందిపప్పు, వేరుశెనగలు, నూనె, పాలపొడి పంపారు. సందు చివర కొట్టు బాబాయి గుడ్లకు డబ్బు తీసుకోనన్నాడు. నాన్నతో పనిచేసినవాళ్లు కూలి డబ్బు అందిన రోజున తలా ఇంత వేసుకుని మా ఇంటి అద్దె కట్టారు. వాళ్ల కూలి ఎంతో నాకు తెలుసు కాబట్టి ఆ డబ్బు అందుకున్నప్పుడు తల ఎత్తలేకపోయాను.

ఇంత తిండి అవసరమా అని నాన్న మొహమాటపడితే, మాస్టారు ఒకరు జార్ఖండ్ అధ్యయనం గురించి చెప్పారు. అక్కడ నాలుగు జిల్లాల్లో 2,800 మంది రోగులకు మందులతో పాటు నెలనెలా సరుకులిచ్చారు. సగం చోట్ల రోగి ఇంట్లోవారికి కూడా బియ్యం, పప్పు ఇచ్చారు. అలా తిన్న ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఆ ఫలితాలు 2023లో అచ్చయ్యాయి. రోగులలో కూడా మొదటి రెండు నెలల్లో బరువు పెరిగినవారికి చావు ముప్పు బాగా తగ్గింది. నాన్న ఆ రోజు నుంచి గుడ్డు వద్దనలేదు.

నేను మాత్రం మిగతా సగం ఇళ్ల గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. అక్కడ రోగికి సరుకులు అందాయి కానీ ఇంట్లోవాళ్లకు అందలేదు. వారితో పోల్చబట్టే తిండి విలువ లెక్కకు అందింది. మద్రాసు పేదలూ అంతే, జార్ఖండ్ పల్లెలవాళ్లూ అంతే. తమకు చాలీచాలకుండా బతుకుతూ కళ్లె ఇచ్చారు, బరువు తూయించుకున్నారు, అడిగిన ప్రశ్నలకల్లా జవాబు చెప్పారు. వాళ్లకు మార్కాపురం ఎక్కడుందో తెలియకపోవచ్చు. ఈ కృతజ్ఞతలు వాళ్లకు ఎలా చేరవేయాలో నాకూ తెలియడం లేదు, కనీసం ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

దుమ్ము వల్ల జరిగిన నష్టం మందులతో పోదు. మెట్లెక్కితే నాన్నకు ఇంకా ఆయాసం వస్తుంది. కోత పని మాన్పించి, యజమానితో మాట్లాడి పలకలు పెట్టెల్లో సర్దే పని ఇప్పించిన మేస్త్రీ గారికి కూడా మేము రుణపడి ఉన్నాం.

ఆశా అక్కకు చీర పెట్టబోతే తీసుకోలేదు. "మీ నాన్నతో పనిచేసేవాళ్లలో దగ్గుతున్నది ఎవరో కనుక్కుని నా దగ్గరికి పంపు, అది చాలు" అంది. నాన్న తనే ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్లాడు. ఇద్దరికి టీబీ లేదు. మూడో ఆయనకు ఉందని తేలి సోమవారం మందులు మొదలుపెట్టారు. ఆయన ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు, నిక్షయ్ మిత్రలు ఇంకా దొరకలేదు. సాయం చేయగలిగినవారు నాకు కబురు చేయండి. మీ ఇంట్లో ఎవరికైనా దగ్గు ఆగకపోతే టీబీ ఉచిత సహాయ నంబరు 1800-11-6666.