పెద్ద కత్తి చేయించుకునేవారికి ఒక కమ్మరి విన్నపం

సంపాదకుల వారికి నమస్కారములు.

తోటలో, పొదల్లో, కట్టె నరికే చోట వాడుకోవడానికి పెద్ద కత్తి ఒకటి ప్రత్యేకంగా చేయించుకోవాలని కొలిమి దగ్గరికి వచ్చేవారు సాధారణంగా పొడవు ఎంతో చెప్పి, బాగా బరువుండాలనీ ఉక్కు వీలైనంత గట్టిగా ఉండాలనీ కోరుతారు. పొడవు సంగతి సరే, మిగిలిన రెండు కోరికలూ కత్తికీ దాన్ని పట్టే చేతికీ కీడు చేసేవే. ఆ మాట ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ వస్తున్నాను కనుక, పాఠకులందరికీ ఒకేసారి చెప్పే అవకాశం ఇవ్వవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

నేను మొదట అడిగేది దేన్ని నరకడానికి అని. పచ్చి తీగలు, గడ్డి, లేత కొమ్మలు కొట్టే కత్తి రెండు మూడు మిల్లీమీటర్ల మందంతో పలచగా ఉండి చేతిలో వేగంగా తిరగాలి. ఎండు కట్టె నరికే కత్తికి పిడి దగ్గర ఐదారు మిల్లీమీటర్ల వెన్ను కావాలి. రెండు పనులూ సమానంగా చేసే కత్తి లేదు, కాబట్టి ఏ పని ఎక్కువో చేయించుకునేవారే తేల్చి చెప్పాలి. 35 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పట్టీ పిడి లేకుండానే 800 గ్రాములు దాటుతుంది. అంత బరువును కాసేపు విసిరేసరికి మణికట్టు అలిసిపోతుంది, అలసిన చేతిలో కత్తి గురి తప్పుతుంది. అదే పొడవు, వెడల్పు ఉన్న కత్తిలో వెన్నును మొన దగ్గరికి వచ్చేసరికి 3 మిల్లీమీటర్లకు తగ్గించి, రెండు పక్కలా అంచు వైపు పలచబరిస్తే బరువు ఇంచుమించు సగానికి దిగుతుంది, దెబ్బలో చేవ మాత్రం అంతగా తగ్గదు.

ఉక్కు విషయంలో నేను ఎక్కువగా నమ్ముకున్నది వాహనాల కింద స్ప్రింగులా పనిచేసే కమాను పట్టీ. దానిలో సుమారు 0.6 శాతం కర్బనం, రకాన్ని బట్టి కొంత క్రోమియమో సిలికానో ఉంటాయి. వంగి మళ్లీ నిలవడం, దెబ్బ ఓర్చుకోవడం దాని గుణం. అయితే ఏళ్ల తరబడి బరువు మోసిన పాత పట్టీలో కంటికి ఆనని పగుళ్లు ఉండవచ్చు. ఆ సంగతి తెలిసి కూడా పని నేర్చిన తొలి రోజుల్లో పాత పట్టీతో ఒక పెద్ద కత్తి సాగగొట్టాను. గట్టిపరచడానికి కాల్చి నూనెలో ముంచినప్పుడు సన్నగా ‘టిక్’ మన్న చప్పుడు వినబడింది, తుడిచి చూస్తే అంచుకు అడ్డంగా వెంట్రుకంత గీత ఉంది. చెప్పిన గడువు మర్నాడే. ఆ గీతను చూడనట్టు ఊరుకుందామా అని ఒక్క క్షణం అనిపించిన మాట దాచను. చివరికి కత్తిని బిగించి విరిచాను. విరిగిన చోట సగం మేర నల్లగా ఉంది, అంటే ఆ పగులు నేను నూనెలో ముంచకముందే ఉందన్నమాట. అప్పటినుంచి పెద్ద కత్తికి కొత్త పట్టీనే వాడుతున్నాను.

సాగగొట్టే పనిలో బలం కంటే కనిపెట్టి ఉండడం ముఖ్యం. ఉక్కు నారింజ రంగులో వెలుగుతున్నప్పుడే సుత్తి పడాలి, ముదురు ఎరుపుకు దిగగానే కొలిమిలోకి తిరిగి వెళ్లాలి. చల్లబడిన ఉక్కును కొడితే లోపల పగులుతుంది, మరీ తెల్లగా కాలిస్తే నిప్పురవ్వలు చిమ్ముతూ ఉక్కే చెడిపోతుంది. అంచు వైపు కొట్టినకొద్దీ ఆ పక్క సాగి, కత్తి వెన్ను వైపు వంగుతుంది. అందుకే అంచు కొట్టకముందే పట్టీని అంచు వైపు కొంచెం వంచి ఉంచుతాం; పని పూర్తయ్యేసరికి అది దానంతటదే తిన్నగా వస్తుంది. పొడవు పెరిగినకొద్దీ ఈ లెక్క కష్టమవుతుంది.

కత్తి ప్రాణమంతా ఆ తర్వాతి పనిలో ఉంది. ముందు దాన్ని రెండు మూడు సార్లు ఎర్రగా కాల్చి గాలిలో చల్లారనిస్తే సుత్తి దెబ్బలకు లోపల చిక్కుకున్న బిగువు వదులుతుంది, ముతకబడిన ఉక్కు రేణువులు మళ్లీ సన్నబడతాయి. పిమ్మట గట్టిపరచాలి. అయస్కాంతం ఉక్కును పట్టడం మానేసే వేడి సుమారు 770 డిగ్రీల సెల్సియస్. దాన్ని దాటి 830, 850 డిగ్రీల మధ్య కత్తి పొడవంతా ఒకే రంగుకు రావాలి, అప్పుడే 50, 60 డిగ్రీలకు వెచ్చబెట్టిన నూనెలో ముంచాలి. ఈ ఉక్కును నీళ్లలో ముంచితే పగిలే ప్రమాదం ఎక్కువ. బాగా గట్టిపడిన అంచు మీద ఆకురాయి కరవకుండా జారిపోతుంది. ‘వీలైనంత గట్టిగా’ అని కోరేవారికి నిజానికి ఇవ్వవలసింది ఈ స్థితిలోని కత్తే, కానీ అది గాజులాంటిది. కట్టెలోని ముడికి తగిలితే అంచు ముక్కలుగా లేచిపోతుంది. అందుకే 220 నుంచి 250 డిగ్రీల వేడిలో రెండు గంటల చొప్పున రెండుసార్లు ఉంచి, కొంత గట్టిదనం వదులుకుని ఓర్పు సంపాదించుకుంటాం. వంటింటి చాకుకు ఉంచినంత కాఠిన్యం పెద్ద కత్తికి ఉంచకూడదు. సానపట్టేటప్పుడు అంచు నీలంగా మారేంత వేడెక్కినా ఈ శ్రమంతా వృథా అవుతుంది.

పిడి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఉక్కు పిడి చివరిదాకా సాగాలి, అలుగు (కత్తిలో నరికే భాగం) పిడిని కలిసే మూలలు గుండ్రంగా ఉండాలి, ఎందుకంటే పదునైన మూల దగ్గరే కత్తి విరుగుతుంది. పిడి చివర కొద్దిగా కిందికి వంగి ఉంటే చెమట పట్టిన చేతిలోంచి జారదు. చేయించుకునేవారు స్వయంగా వచ్చి పట్టి చూస్తే మేలు.

ఇంత చేశాక కూడా కత్తిని వెంటనే ఇవ్వను. ముడులున్న ఎండు కట్టెను దానితో నరికి, అంచును వెలుగుకు పట్టి చూస్తాను. ముక్క లేస్తే ఇంకొంచెం ఎక్కువ వేడిలో మళ్లీ ఉంచాలి, అంచు మడతపడితే మళ్లీ మొదటినుంచి గట్టిపరచాలి. ఈ పరీక్షకూ దిద్దుబాటుకూ రెండు రోజులు కావాలి. గడువు తరుముతుంటే అన్నిటికంటే ముందు వదిలేసేది ఈ పనినే. ఆ రెండు రోజులు తమ కమ్మరికి ఇవ్వవలసిందిగా కత్తి చేయించుకునేవారిని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

ఇట్లు,
కొలిమి పని చేసుకునే ఒక పాఠకుడు