అతికించేది అరపూట, గట్టిపడేది నెలరోజులు

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవుల్లోనూ దీపావళి ముందూ మీ పేజీల్లో పాత డబ్బాలకు, సీసాలకు రంగుల కాగితాలు అతికించే డెకూపాజ్ పని గురించి రాస్తున్నారు. సంతోషం. అయితే ‘కాగితం కత్తిరించి, ఫెవికాల్ రాసి అతికించి, పైన వార్నిష్ వేస్తే సరి’ అని మూడు ముక్కల్లో తేల్చేస్తే, చదివి చేసినవాళ్లకు మిగిలేది ముడతలూ బుడగలూ. ఏది ఎంతసేపు ఆరాలో, ఏది ఎందుకు చెడుతుందో కూడా అచ్చువేయండి. కడప ఎండలకు ఇది మరీ అవసరం.

ముడత పడితే చేయి తిరగలేదని బాధపడతారు గానీ, తప్పు కాగితం తడిపే వరుసలో ఉంటుంది. కాగితం తడిస్తే సాగుతుంది. పొడి క్యాలెండరు కాగితాన్ని జిగురు పూసిన డబ్బా మీద వెంటనే వేస్తే, అంటుకున్నాక సాగడం మొదలుపెడుతుంది. పోయే చోటు లేక పైకి లేస్తుంది. అందుకని మందపాటి కాగితానికి ముందుగా వెనకవైపు మాత్రం జిగురు పూసి, ఒకటి రెండు నిమిషాలు పక్కన పెట్టాలి. అంచులు మొదట చుట్టుకుని, కాసేపటికి సాఫీగా పడుకుంటాయి. అప్పుడు అతికించి, పాత ఏటీఎం కార్డుతో నడుమ నుంచి అంచులకు నెమ్మదిగా జరుపుతూ గాలి వెళ్లగొట్టాలి. ఆరాక కూడా బుడగ మిగిలితే బ్లేడు మొనతో సన్నగా కోసి, పంటిపుల్లతో లోపలికి జిగురు పంపి నొక్కాలి.

ఫెవికాల్‌ను ఉన్నది ఉన్నట్టు పూయకూడదు. మూడు చెంచాలకు ఒక చెంచా నీళ్లు కలిపితే బ్రష్ గీతలు పడవు. అడ్డకొలత 10 సెంటీమీటర్లున్న పాలపొడి డబ్బాకు చుట్టుకొలత 31.4 సెంటీమీటర్లు. కాగితం 32.5 కత్తిరించుకుంటే సుమారు ఒక సెంటీమీటరు అంచు మీద అంచు పడుతుంది. గ్లాసులాగా కింద సన్నగా పైన వెడల్పుగా ఉన్న వస్తువుకు మాత్రం ఒకే పట్టీ చుట్టకూడదు, ఎంత సర్దినా కింద కుచ్చిళ్లు పడతాయి. చిన్న ముక్కలు అతికించాలి. అవి కూడా కత్తెరతో కాకుండా చేత్తో చించినవైతే మేలు. చించిన అంచుకు పీచు ఉంటుంది కనుక పక్క ముక్కలో కలిసిపోతుంది.

మన ఇళ్లలో పెళ్లిపత్రికలు సజ్జల మీద కట్టలు కట్టలుగా పడి ఉంటాయి. మీద వినాయకుడో వెంకటేశ్వరస్వామో ఉంటాడు కాబట్టి చెత్తలో వేయడానికి మనసొప్పదు. ఈ పనికి వాటికంటే అందమైన బొమ్మలు కొనబోయినా దొరకవు. కానీ ఉన్న మందంతోనే అతికితే అట్ట డబ్బా వంపుకు లొంగదు, నాలుగు రోజుల్లో అంచులు లేస్తాయి. పలచన చేసుకోవాలి. బొమ్మవైపు పలచని జిగురు రెండు పూతలు వేసి రాత్రంతా ఆరనివ్వాలి. తెల్లారి వెనకవైపు తడిగుడ్డతో అద్ది వేలితో రుద్దితే, అట్ట సన్నని వత్తుల్లా చుట్టుకుంటూ పొర వెంట పొర ఊడి వస్తుంది. వెనకనుంచి రంగు మసగ్గా కనబడటం మొదలవగానే ఆపేయాలి. ఇంకొక్కసారి రుద్దితే చిల్లు పడుతుంది. బంగారు రేకు అక్షరాల మీద జిగురు నిలవదు, వార్నిష్ మొదట పెచ్చులు లేచేది అక్కడే. వాటిని వదిలేసి బొమ్మ వరకే కత్తిరించుకోవాలి. మూలలకు పూసిన పసుపును కూడా మరవకూడదు. తడి బ్రష్ దాని మీదుగా పోయిందంటే తెల్లని చోటంతా పచ్చబడుతుంది. ఆ మూలలు ముందే తీసేయాలి. దేవుడి బొమ్మను పీటకో, కాలు తగిలే స్టూలుకో అతికించకుండా కుంకుమ భరిణకో, పూజ పుస్తకాల పెట్టెకో వాడుకుంటే ఇంట్లో పెద్దవాళ్లు నొచ్చుకోరు.

ఫొటోలైతే జిరాక్స్ అంగడిలో లేజర్ ప్రింటే అడగాలి. ఇంకుజెట్ ప్రింటులో రంగు చాలావరకు తడికి కారుతుంది. తెలియకపోతే అంచు మీద తడివేలు పెట్టి చూస్తే తేలిపోతుంది. వార్తాపత్రిక కాగితం తడిస్తే వెనకవైపు అచ్చు ఇవతలికి కనబడుతుంది. వెనక తెల్ల యాక్రిలిక్ రంగు పూసి ఆరాకే దాన్ని అతికించాలి. మూడు పొరల టిష్యూ నాప్కిన్లలో బొమ్మ ఉన్న పై పొర ఒక్కటే పనికొస్తుంది. మూడూ కలిపి అతికితే జిగురు పై పొర దాకా రాదు. ఈ పొర తడి తగిలితే చినిగిపోతుంది కాబట్టి చెక్కపలకకు ఇస్త్రీపెట్టె పద్ధతి మేలు. పలక మీద జిగురు పూసి పూర్తిగా ఆరనిచ్చి, పొర పరిచి, పైన బేకింగ్ కాగితం వేసి, ఆవిరి లేకుండా తక్కువ వేడితో నొక్కాలి. ఆరిన జిగురు వేడికి మెత్తబడి కాగితాన్ని పట్టుకుంటుంది.

రేకు డబ్బాకు ముందు నూనె జిడ్డు పోయేలా సబ్బుతో కడిగి, 220 నంబరు ఎమరీ పేపరుతో మెరుపు పోయేదాకా రుద్ది, ప్రైమర్ (అన్నిటికంటే ముందు వేసే అడుగు రంగు) ఒక పూత వేయాలి. లేదంటే జిగురులోని నీళ్లకు తుప్పుపట్టి, తెల్ల కాగితం మీద గోధుమరంగు చుక్కలు తేలతాయి. మట్టికుండ తంటా వేరు. జిగురు పూసీపూయగానే తడి పీల్చేసుకుంటుంది, కాగితం జరిపి సర్దుకునే వ్యవధి కూడా ఉండదు. ముందు లోపలా బయటా ప్రైమర్ రెండు పూతలు వేయాలి. అంత చేసినా అందులో నీళ్లు పోయకూడదు. మట్టిలో ఊరిన తడి బయటికి వస్తూ కాగితాన్ని ఉబ్బిస్తుంది. మొక్క పెట్టాలంటే లోపల వేరే ప్లాస్టిక్ కుండీ పెట్టుకోవాలి.

ఇక మన వాతావరణం. మేలో పగలు నలభై డిగ్రీలు దాటే ఊళ్లో మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుని ఈ పని చేయకూడదు. పూసిన జిగురుకు క్షణాల్లో పొర కడుతుంది, దాని మీద వేసిన కాగితం అక్కడక్కడే అంటుకుంటుంది. పొద్దున తొమ్మిది లోపు, ఫ్యాను ఆపి, జానెడు చోటుకు మించి ఒకేసారి పూయకుండా చేసుకోవాలి. త్వరగా ఆరాలని మేడ మీద ఎండలో పెడితే రేకు కాలి, లోపల చిక్కిన గాలి వ్యాకోచించి కాగితం ఉబ్బుతుంది. నీడే మంచిది. ముసురు రోజుల్లో దీనికి తలకిందులు, పూత రెండు రోజులైనా చేతికి జిడ్డుగా తగులుతుంది. చెక్కపలకైతే తడి కొంత తగ్గాక పైన ప్లాస్టిక్ కవరు పరిచి, కడప బండ ముక్క బరువు పెడితే వంగిపోదు.

జిగురు మీద జిగురు పూతకు కనీసం అరగంట, వార్నిష్‌కు ముందు 24 గంటలు ఆగాలి. తొందరపడితే లోపలి తడి చిక్కుబడి బొమ్మ మీద మబ్బు కమ్మినట్టు తెల్లబడుతుంది. మామూలు ఫెవికాల్ ఆరినా నీటికి ఆగదు కాబట్టి వార్నిష్ తప్పదు. నూనె వార్నిష్ పోనుపోను పచ్చబడుతుంది, తెల్ల నేపథ్యానికి నీటి ఆధారిత వార్నిషే వాడాలి. 18వ శతాబ్దంలో వెనిస్‌లో తూర్పుదేశాల లక్క సామాన్లు కొనలేనివాళ్ల కోసం అచ్చుబొమ్మలు కత్తిరించి చెక్కకు అతికి, అంచు చేతికి తగలనంతగా పూత మీద పూత వేసేవారు. ‘లక్కా పోవెరా’, పేదవాడి లక్క అని దానికి పేరు. అంత అవసరం లేదు గానీ, అయిదారు పూతలు వేసి, మూడో పూత ఆరాక 400 నంబరు ఎమరీతో తేలిగ్గా రుద్దితే అంచు చాలావరకు కలిసిపోతుంది. చేతికి ఆరినట్టే ఉన్నా పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా ఒకదానిలో ఒకటి దోపి పెడితే కాగితం పక్క డబ్బాతో ఊడిపోతుంది.

రెండు జాగ్రత్తలు ప్రతిసారీ పెద్దక్షరాల్లో వేయండి. తినే పళ్లేల లోపల, గ్లాసు అంచు నుంచి రెండు సెంటీమీటర్ల దాకా ఈ పని చేయకూడదు. జిగురు, వార్నిష్ డబ్బాల మీద విషం లేదని రాసి ఉన్నా అది అన్నం తగిలే చోటుకు పనికొచ్చేదని అర్థం కాదు. కాగితం అతికిన గాజుగ్లాసులో నూనెదీపం, కొవ్వొత్తి పెట్టమని రాయకండి. వేడికి జిగురు మెత్తబడుతుంది, కాగితానికి నిప్పు దూరం కాదు. చిన్న బ్యాటరీ లైటు చాలు.

ఫెవికాల్ బదులు మైదాపిండి ఉడికించిన జిగురు వాడొచ్చు గానీ దానికి బొద్దింకలు వస్తాయి. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలపడం పాత అలవాటు. అది విషం. పిల్లల చేత చేయించే పనిలో చిటికెడు కూడా కలపకూడదు.

– ఒక పాఠకురాలు, కడప